గ్రాస దె కొత్నారి: ఈ వైన్‌కి తీపి ఎక్కడి నుంచి వస్తుంది, పేరు ఎవరికి చెందుతుంది?

కొత్నారి ఒక ఊరు. ఈశాన్య రొమేనియాలో, యాష్ జిల్లాలో ఉంది. ఆ ఊరి చుట్టూ ఉన్న ద్రాక్షతోటల ప్రాంతాన్నీ కొత్నారి అనే అంటారు. అక్కడ పేరుమోసిన తెల్లద్రాక్ష రకం గ్రాస దె కొత్నారి. ఆ ప్రాంతంలో వైన్ తయారుచేసే సంస్థల పేర్లలో కూడా కొత్నారి ఉంటుంది. ఊరు, ప్రాంతం, ద్రాక్ష, కంపెనీ అన్నిటికీ ఒకే మాట కావడంతో కొత్తగా చూసేవాళ్లకు తికమక తప్పదు. షాపులో ఈ పేరున్న సీసాలు రెండు పక్కపక్కన ఉంటాయి. ఒకటి రోజువారీ భోజనంతో తాగే చౌక రకం. రెండోది నాలుగైదు రెట్ల ధర, చిన్న సీసా, బంగారు రంగు. ఒకే ద్రాక్ష అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? లోపల ఉన్న తీపి పండుదా, పోసిందా? పైగా హంగరీ వాళ్లు ఈ ద్రాక్ష తమదని ఎందుకంటారు?

ఈ ప్రశ్నలకు జవాబులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. అందుకే చెట్టు దగ్గర నుంచి మొదలుపెట్టి లేబుల్ దాకా వద్దాం.

## పండు ఎలా ఉంటుంది, ఎందుకు ఇబ్బంది పెడుతుంది

మనకు ద్రాక్ష అంటే తినే పండు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు విరివిగా పండించిన అనాబ్-ఎ-షాహి అయినా, ఇప్పుడు బజారునిండా కనిపించే గింజలేని థామ్సన్ రకమైనా నోటికి ఇంపుగా ఉండాలని, దూరాలకు పంపినా పాడవకూడదని ఎంచుకున్నవే. వైన్ ద్రాక్షకు ఆ పరీక్షలు లేవు. గింజలు ఉన్నా ఫర్వాలేదు, చూడ్డానికి బాగోకపోయినా ఫర్వాలేదు. రసంలో ఎంత చక్కెర ఉంది, దానికి తగినంత పులుపు ఉందా, వాసన ఏమిటి అన్నదే ముఖ్యం.

గ్రాస పండు పచ్చ కలిసిన పసుపు రంగులో ఉంటుంది. ఎండ తగిలిన వైపు తుప్పురంగు చుక్కలు పడతాయి. తొక్క పలుచన, లోపల రసం ఎక్కువ. ఒకే గుత్తిలో పెద్ద పండ్లూ, ఎదగని చిన్న పండ్లూ కలిసి ఉండటం ఈ రకంలో మామూలే. పూత సమయంలో వాతావరణం చల్లగానో తేమగానో ఉంటే పిందె సరిగా కట్టదు, దిగుబడి పడిపోతుంది. గట్టి చలికాలాన్నీ, తీవ్రమైన కరువునూ కూడా తట్టుకోలేదు. తొక్క పలుచన కాబట్టి బూజు తొందరగా పడుతుంది.

రైతు కళ్లతో చూస్తే ఇది తలనొప్పి రకం. వేరే ద్రాక్ష వేసుకుంటే ఎకరాకు ఎక్కువ పండుతుంది, టెన్షన్ తక్కువ. అయినా కొత్నారిలో దీన్ని వదలకపోవడానికి కారణం రెండు గుణాలు. ఒకటి, చక్కెరను చాలా ఎక్కువ మోతాదులో కూడబెట్టగలదు. రెండోది ఇప్పుడు చెప్పుకున్న బలహీనతే: బూజు పట్టే తొక్క.

## చెడగొట్టే బూజు, మేలుచేసే బూజు

ద్రాక్షకు పట్టే ఆ బూజు శాస్త్రీయ నామం బొట్రైటిస్ సినేరియా. వానలు ఆగకుండా పడుతూ తోట తడితడిగా ఉంటే ఇదే బూజు బూడిదరంగు కుళ్లుగా మారి పంటను నాశనం చేస్తుంది. కానీ పండు బాగా పక్వానికొచ్చాక, పొద్దున పొగమంచు కమ్మి మధ్యాహ్నానికి ఎండ కాసే రోజులు వరుసగా వస్తే కథ వేరు. పొద్దుటి తేమకు బూజు మొలకెత్తి తొక్కకు కంటికి కనపడని రంధ్రాలు చేస్తుంది. మధ్యాహ్నం ఎండకు ఆ రంధ్రాల గుండా పండులోని నీరు ఆవిరైపోతుంది. పండు ముడుచుకుపోయి, గోధుమ-ఊదా రంగుకు తిరిగి, పైన బూడిద చల్లినట్టు కనిపిస్తుంది. చూస్తే పారేయాలనిపించే ఆ పండులోనే రసం చిక్కబడి ఉంటుంది. దీన్నే వైన్ లోకంలో నోబుల్ రాట్ అంటారు.

చెరకు రసం పెనంలో కాగి చిక్కబడటం చూసినవాళ్లకు ఇందులో సగం అర్థమైపోతుంది. మిగతా సగమే అసలైన తేడా. ఇక్కడ నీరు పోవడం ఒక్కటే జరగదు. బూజు ప్రాణి కాబట్టి పండులోని చక్కెరను కొంత తింటుంది, పులుపునిచ్చే ఆమ్లాలను ఇంకా ఎక్కువ తింటుంది, గ్లిసరాల్ లాంటి కొత్త పదార్థాలను తయారుచేస్తుంది. అందుకే ఎండుద్రాక్షతో చేసిన వైన్‌కీ, నోబుల్ రాట్ వైన్‌కీ తీపి సమానంగా ఉన్నా రుచి ఒకేలా ఉండదు. గ్రాసతో చేసిన మంచి నోబుల్ రాట్ వైన్‌లో ఆప్రికాట్, ఎండుద్రాక్ష, తేనె వాసనలతో పాటు వాల్‌నట్ పప్పు రుచి ఉంటుందని రొమేనియన్లు చెప్తారు. ఈ వాల్‌నట్ పోలికే వాళ్లకు గ్రాస గుర్తు.

కొత్నారికి ఈ వాతావరణం ఎలా దొరికింది? ఊరికి పడమటి వైపు ఎత్తైన కొండవరుస ఉంది. అటునుంచి వచ్చే గాలి కొండ దాటి కిందికి దిగేటప్పుడు పొడిగా, వెచ్చగా మారుతుంది. భౌగోళిక శాస్త్రంలో దీన్ని ఫోన్ (Föhn) ప్రభావం అంటారు. ఇంత ఉత్తరాన, 47 డిగ్రీల అక్షాంశం దాటిన చోట ద్రాక్ష ఇంత తియ్యగా పండటానికి ఆ గాలి పెద్ద ఆసరా. దక్షిణానికి తిరిగిన వాలుల్లో, సున్నం కలిసిన నేలల్లో తోటలు ఉంటాయి. శరదృతువు పొడవుగా సాగుతుంది. మామూలు కోత సెప్టెంబరు చివర మొదలైతే, నోబుల్ రాట్ కోసం ఆగినవాళ్లు అక్టోబరు దాటి నవంబరు దాకా కూడా తీగ మీదే పండు ఉంచుతారు.

మధ్యలో ఒక చిన్న స్పష్టత. రొమేనియాలోని ఈ తూర్పు ప్రాంతాన్ని మోల్దోవా అంటారు, పాతకాలపు రాజ్యం పేరుగా అయితే మోల్దావియా. పక్కనే ఉన్న స్వతంత్ర దేశం పేరు కూడా మోల్దోవాయే. కొత్నారి ఉన్నది రొమేనియాలోని మోల్దోవా ప్రాంతంలో, ఆ దేశంలో కాదు.

## ఒకే తోట, మూడు కోతలు: లెక్క వేసి చూద్దాం

తీపి ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే ఒక్క సూత్రం చాలు. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెరను ఈస్ట్ (రసాన్ని పులియబెట్టే సూక్ష్మజీవి) తింటే 1 శాతం ఆల్కహాలు తయారవుతుంది. ఈస్ట్ తినగా మిగిలిన చక్కెరే వైన్‌లోని తీపి. కింది అంకెలు వివరణ కోసం అనుకున్నవి, ఏ ఒక్క సీసావీ కావు.

సెప్టెంబరు చివర కోసిన గ్రాస రసంలో లీటరుకు 200 గ్రాముల చక్కెర ఉందనుకుందాం. ఈస్ట్ 198 గ్రాములు తినేస్తే ఆల్కహాలు 11.6 శాతం వస్తుంది, మిగిలేది 2 గ్రాములు. నాలుకకు తీపి తెలియదు. ఇది డ్రై వైన్.

అదే తోటలో ఇంకో భాగాన్ని అక్టోబరు మధ్యలో కోశారు. చక్కెర 235 గ్రాములకు చేరింది. ఆల్కహాలు 12 శాతం దగ్గర పులియడం ఆగింది. 12ను 17తో గుణిస్తే 204. మిగిలిన 31 గ్రాములు తీపి. ఇది సెమీ-స్వీట్.

మూడో భాగాన్ని నవంబరు దాకా వదిలారు, బూజు బాగా పట్టింది. మొదట్లో లీటరు రసం, 200 గ్రాముల చక్కెర ఇవ్వాల్సిన పండ్లలో నీరు తగ్గి 600 మిల్లీలీటర్లే మిగిలింది. చక్కెరలో ఐదో వంతు బూజు తినేసింది, 160 గ్రాములు మిగిలాయి. 600 మిల్లీలీటర్లలో 160 గ్రాములంటే లీటరుకు సుమారు 267 గ్రాములు. చక్కెర పోయింది, అయినా చిక్కదనం పెరిగింది. 12 శాతం దగ్గర పులియడం ఆగితే మిగిలేది 63 గ్రాములు. ఇది స్వీట్ వైన్.

ధర తేడా కూడా ఈ లెక్కలోనే ఉంది. 1000 లీటర్లు ఇవ్వాల్సిన తోట 600 ఇచ్చింది. నెలన్నర అదనంగా వానకూ, పిట్టలకూ, మంచుకూ పంటను ఒప్పజెప్పి కూర్చోవాలి. బూజు అన్ని గుత్తులకూ ఒకేసారి పట్టదు కాబట్టి కూలీలు అదే వరుసలోకి మళ్లీ మళ్లీ వెళ్లి ఏరుకోవాలి. ఒక్క వారం ముసురు పడితే అంతా పోతుంది.

పులియడం దానంతట అదే ఆగుతుందా అంటే, చక్కెర మరీ ఎక్కువైన రసంలో ఈస్ట్ నీరసించి నెమ్మదిస్తుంది. చాలాసార్లు మనిషే ఆపుతాడు: తొట్టెను చల్లబరచి, సల్ఫర్ డయాక్సైడ్ మోతాదుగా కలిపి, ఈస్ట్‌ను వడకట్టి. ఇది మోసం కాదు, తీపి వైన్లు చేసే దేశాలన్నిటా ఉన్న పద్ధతి. ఇక "చక్కెర కలుపుతారట" అనే మాట. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం వైన్‌ను తీపి చేయడానికి మామూలు పంచదార వాడకూడదు. పులియని ద్రాక్షరసం లేదా చిక్కబరచిన ద్రాక్షరసం మాత్రమే, అదీ నిబంధనలకు లోబడి కలపొచ్చు. రొమేనియా 2007 జనవరి 1న యూనియన్‌లో చేరినప్పటి నుంచి ఈ చట్టమే అక్కడా వర్తిస్తుంది.

## లేబుల్ మీద ఏది చూడాలి

లేబుల్ రెండు వేర్వేరు సంగతులు చెప్తుంది. వీటిని కలిపేసుకోవడం వల్లే సగం తికమక.

మొదటిది వైన్‌లో మిగిలిన తీపి. లీటరుకు 4 గ్రాముల లోపు అయితే సెక్, అంటే డ్రై. దానిపైన 12 గ్రాముల దాకా దెమిసెక్, అంటే సెమీ-డ్రై. అక్కడి నుంచి 45 గ్రాముల దాకా దెమిదుల్చె, అంటే సెమీ-స్వీట్. 45, ఆపైన దుల్చె, అంటే స్వీట్. పులుపు తగినంత ఉంటే మొదటి రెండు హద్దులూ కాస్త సడలుతాయి: సెక్ 9 గ్రాముల దాకా, దెమిసెక్ 18 దాకా వెళ్లొచ్చు. పులుపు తీపిని కప్పేస్తుంది కాబట్టి ఈ సడలింపు సబబే అనిపిస్తుంది.

రెండోది పండు కోసిన దశ. మూలప్రాంతపు పేరుకు రక్షణ ఉన్న వైన్లకు రొమేనియాలో డీఓసీ అని రాస్తారు. దాని పక్కన సీఎండీ అని ఉంటే పూర్తిగా పండాక కోసినది. సీటీ అంటే ఆలస్యంగా కోసినది. సీఐబీ అంటే నోబుల్ రాట్ దశకు వచ్చాక కోసినది.

ఉదాహరణకు ఒక సీసా మీద "గ్రాస దె కొత్నారి, డీఓసీ కొత్నారి, సీఎండీ, దెమిదుల్చె" అని ఉంటే ఇలా చదవాలి: గ్రాస ద్రాక్ష, కొత్నారి ప్రాంతంలో పండింది, మామూలు పక్వానికి కోశారు, లీటరుకు 12 నుంచి 45 గ్రాముల మధ్య తీపి మిగిలింది. నోబుల్ రాట్‌తో దీనికి పనిలేదు. అదే ద్రాక్షకు "సీఐబీ, దుల్చె" అని ఉంటే పైన చెప్పిన మూడో కోత. పేరు ఒకటే, సీసాలు రెండూ నిజాయితీగలవే, కానీ ఒకదాన్ని తాగి రెండోదాని మీద అభిప్రాయం ఏర్పరచుకోవడానికి లేదు.

ఇంకో సంగతి. ద్రాక్ష పేరులో కొత్నారి ఉందని అది అక్కడే పండాలని లేదు. దక్షిణాన బుజావ్ జిల్లాలోని పియెత్రోయాస కొండల్లో కూడా గ్రాస వేస్తారు, తీపి వైన్లు చేస్తారు. 1837లో ప్రాచీన బంగారు నిధి దొరికిన కొండలివే. అక్కడి వైన్‌కు డీఓసీ పక్కన ప్రాంతం పేరుగా పియెత్రోయాస రావాలి గానీ కొత్నారి రాకూడదు.

## గ్రాస ఒక్కటే చాలదు

కొత్నారి పాత పద్ధతి వైన్ గ్రాస ఒక్కదానితో చేసింది కాదు. నాలుగు రకాలు కలిపేవారు. గ్రాస నుంచి తీపి, నిండుదనం. ఫెతియాస్క ఆల్బ నుంచి సున్నితత్వం. తమియోయాస రొమనియాస్క మస్కట్ అనే సువాసన ద్రాక్షల కుటుంబానికి చెందింది, దాని నుంచి ఘాటైన పూలవాసన. ఫ్రన్‌కూష నుంచి పులుపు.

ఆ నాలుగోది ఎందుకు కావాలో చూడండి. ఆలస్యంగా కోసిన గ్రాసలో ఆమ్లం తగ్గిపోతుంది. లీటరుకు 5 గ్రాములు ఉందనుకుందాం. ఫ్రన్‌కూషలో 8 ఉందనుకుందాం. ఏడు పాళ్ల గ్రాసకు మూడు పాళ్ల ఫ్రన్‌కూష కలిపితే ఆమ్లం 5.9కి పెరుగుతుంది. అంకెలో చిన్న తేడా. నోట్లో మాత్రం, రెండో గుక్కకే మొహం మొత్తే వైన్‌కీ ఇంకో గుక్క తాగాలనిపించే వైన్‌కీ మధ్య తేడా. పాతవాళ్లకు ఈ అంకెలు తెలియవు, నాలుకతోనే అక్కడికి చేరుకున్నారు. నాకు ఈ మిశ్రమం కొత్నారి చేసిన అతి తెలివైన పని అనిపిస్తుంది. ఇవాళ షాపుల్లో ఒక్కో రకాన్ని విడివిడిగా పోసిన సీసాలే ఎక్కువ. కొనేవాళ్లకు ఒకే ద్రాక్ష పేరు గుర్తుపెట్టుకోవడం సులువు కాబట్టి అమ్మకానికి అది పనికొస్తుంది. కానీ గ్రాసలోని లోటు అలా విడిగా పోసినప్పుడే బయటపడుతుంది.

## ఇది మోల్దావియా ద్రాక్షా, హంగరీ ద్రాక్షా?

హంగరీలో తొకాయ్ అనే ప్రఖ్యాత తీపి వైన్ల ప్రాంతం ఉంది. అక్కడ అనుమతి ఉన్న ఆరు తెల్లద్రాక్ష రకాల్లో ఒకటి కోవేర్‌సోలో. ద్రాక్షల వర్గీకరణ చేసే నిపుణులు కోవేర్‌సోలో, గ్రాస దె కొత్నారి ఒకే రకమంటారు. చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

ఒక వాదన ప్రకారం ఇది హంగరీ వైపు నుంచి వచ్చింది. 1457 నుంచి 1504 దాకా మోల్దావియాను పాలించిన స్తెఫాన్ మహారాజు కాలంలో తీగలు తెప్పించి నాటించారని జనశ్రుతి. కొత్నారిలో జర్మన్, హంగేరియన్ కుటుంబాలు స్థిరపడి తోటలు సాగుచేసిన మాట చరిత్రలో ఉంది. 1560లలో దెస్పోత్ వోద అనే పాలకుడు ఆ ఊళ్లో లాటిన్ పాఠశాల పెట్టించాడంటే అది మారుమూల పల్లె కాదని అర్థం. అలాంటి చోటికి బయటి నుంచి తీగలు రావడం వింతేమీ కాదు.

రెండో వాదన ప్రకారం ఇది మోల్దావియాలోనే పుట్టి, అక్కడి నుంచి పడమటికి వెళ్లింది. ద్రాక్ష నాటు రకంగా ఎక్కడ ఎక్కువగా, తెగిపోకుండా నిలిచిందో చూడాలని వీళ్లంటారు. 19వ శతాబ్దం చివర ఫైలాక్సెరా అనే వేరుపురుగు యూరప్ తోటల్ని తుడిచిపెట్టింది. ఆ దెబ్బ తర్వాత తొకాయ్‌లో కోవేర్‌సోలో దాదాపు కనుమరుగై, 20వ శతాబ్దం చివర మళ్లీ నిలదొక్కుకుంది. కొత్నారి కూడా అదే పురుగుకు బలైంది, కానీ అక్కడ గ్రాసను ముఖ్య రకంగా తిరిగి నాటుకున్నారు.

జన్యు పరీక్ష ఈ తగవు తీర్చలేదా? రెండు చోట్లా ఉన్నది ఒకే తీగ అని అది చెప్పగలదు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్లిందో చెప్పలేదు. ద్రాక్షను కొమ్మ కత్తిరించి నాటుతారు కాబట్టి వెయ్యి మైళ్ల దూరంలో ఉన్న తీగ కూడా జన్యుపరంగా తల్లి తీగే. రాతపూర్వక ఆధారాలు దొరికే దాకా రెండు వాదనలూ ఊహలే. దీన్ని జాతీయ గౌరవం సమస్య చేసుకోవాల్సిన పని లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ తీగ నాటిననాటికి ఇప్పటి సరిహద్దులే లేవు.

రొమేనియా వైపు తరచూ చూపించే సాక్ష్యం దిమిత్రియే కాంతెమిర్‌ది. మోల్దావియా పాలకుడిగా పనిచేసిన ఈ పండితుడు 1714–16 ప్రాంతంలో బెర్లిన్ అకాడమీ కోసం లాటిన్‌లో తన దేశాన్ని వర్ణిస్తూ, కొత్నారి వైన్ తొకాయ్ కన్నా మేలని రాశాడు. దాని రంగు ఆకుపచ్చ అనీ, పాతబడే కొద్దీ ఆ పచ్చదనం పెరుగుతుందనీ, నేలమాళిగలో మూడేళ్లు ఉంచితే నాలుగో ఏట సారాలాగా మండేంత బలం వస్తుందనీ అన్నాడు. గొప్ప కితాబే. కానీ జాగ్రత్తగా చదివితే ఆ ఆకుపచ్చ, ఘాటైన వైన్‌కూ ఇవాళ్టి బంగారు రంగు తీపి గ్రాసకూ పోలిక తక్కువ. ఊరి కీర్తి మూడు వందల ఏళ్ల కిందటిదని ఈ సాక్ష్యం నిలబెడుతుంది. ఇప్పటి సీసాలో ఉన్నది అదే వైన్ అని నిలబెట్టదు.

పద్ధతిలోనూ రెండు ప్రాంతాలు వేరు. తొకాయ్ అసూ అనే తీపి వైన్ కోసం బూజు పట్టి ఎండిన పండ్లను ఒక్కొక్కటిగా ఏరి, వేరే రసంలోనో వైన్‌లోనో నానబెట్టి పిండుతారు. కొత్నారిలో ఆలస్యంగా కోసిన గుత్తుల్ని నేరుగా పిండి పులియబెడతారు.

గ్రాసకు ఒక సంతానం కూడా ఉంది. ట్రాన్సిల్వేనియాలో సిగిషోవారా పట్టణం దగ్గరి దానేష్ గ్రామంలో 20వ శతాబ్దం తొలిభాగంలో వెలుగులోకి వచ్చిన ఫెతియాస్క రెగాల. గ్రాస, ఫెతియాస్క ఆల్బ సహజంగా కలిసి పుట్టిందని చెప్తారు. రొమేనియాలో ఎక్కువ విస్తీర్ణంలో సాగయ్యే తెల్లద్రాక్షల్లో అది ముందు వరుసలో ఉంది. తల్లికి లేని దిగుబడి, పులుపు దానికి ఉన్నాయి.

## చౌక సెమీ-స్వీట్ మీద రెండు అభిప్రాయాలు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తోటలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి. పరిమాణమే లక్ష్యం అయింది. రొమేనియాలో రెండు తరాలకు వైన్ అంటే కాస్త తియ్యగా ఉండేదే అన్న అలవాటు ఆ కాలంలోనే బలపడింది. 1989 తర్వాత తోటలు మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వచ్చినా ఆ రుచి పోలేదు. పండగలకు, పెళ్లిళ్లకు, కొజొనాక్ అనే తీపి రొట్టెతో పాటు దెమిదుల్చె గ్రాస పోయడం ఇప్పటికీ ఉంది.

వైన్ రుచులు చూసి రాసేవాళ్లలో కొందరికి ఇది నచ్చదు. తేలికపాటి సెమీ-స్వీట్ వల్ల గొప్ప ద్రాక్ష పేరు పలచబడిందనీ, బయటి దేశాలవాళ్లు గ్రాసను తియ్యటి చౌక వైన్‌గా కొట్టిపారేస్తున్నారనీ వాళ్ల బాధ. అటువైపువాళ్ల మాటలోనూ పస ఉంది. నోబుల్ రాట్ ఏటా రాదు, వచ్చినా కొన్ని వరుసలకే వస్తుంది. దాని మీదే ఆధారపడితే ఇన్ని తోటలు నిలబడవు. మామూలు జనం కొనే సీసాలే ఆ చిన్న బంగారు సీసాకు పెట్టుబడి పెడుతున్నాయి. నేను మొదటివాళ్ల బాధను అర్థం చేసుకుంటాను గానీ, తప్పు సెమీ-స్వీట్‌ది కాదు, రెండిటికీ తేడా చెప్పని అమ్మకానిదంటాను. సీఎండీ, సీఐబీ అన్న అక్షరాలు లేబుల్ మూలన చిన్నగా ఉంటే కొనేవాడికి ఎలా తెలుస్తుంది?

మూడో దారి కొత్తగా తెరుచుకుంది. పండును ముందే కోసి, పులుపు నిలిచి ఉండగానే పూర్తిగా పులియబెట్టి డ్రై గ్రాస చేయడం. ఇందులో పియర్, క్విన్స్ పండ్ల వాసన, నోరు నిండే చిక్కటి రుచి ఉంటాయి. చేపలతో, పాత చీజ్‌తో బాగా కుదురుతుంది.

## వేసవులు వేడెక్కితే ఏమవుతుంది

గ్రాసకు చక్కెర కూడటం ఎప్పుడూ సమస్య కాదు. పులుపు నిలవడం, పొగమంచు రావడం సమస్య. వేసవి ముదిరే కొద్దీ పండులోని ఆమ్లం తొందరగా పడిపోతుంది. 2022లోనూ 2024లోనూ రొమేనియాలో తీవ్రమైన కరువు వచ్చింది. శరదృతువు కూడా పొడిగా గడిస్తే బూజు మొలకెత్తదు. అప్పుడు పండు తీగ మీదే ఎండి ఎండుద్రాక్ష అవుతుంది. చక్కెర అంకె ఘనంగానే కనిపిస్తుంది, కానీ బూజు ఇచ్చే గ్లిసరాల్, ఆ వాల్‌నట్ రుచి ఉండవు.

అందుకే కొత్నారి రైతు ముందు ఇప్పుడున్న నిర్ణయం కోత తేదీది. ఆగస్టు వేడికి పులుపు పడిపోకముందే కోస్తే డ్రై వైన్ ఖాయం, డబ్బు చేతికొస్తుంది. అక్టోబరు పొగమంచు మీద నమ్మకంతో ఆగితే సీఐబీ రావొచ్చు, ఎండు పండు మిగలొచ్చు. తోటలో కొన్ని వరుసలు ముందు కోసి, కొన్ని వదిలేసి, వదిలినవాటికి తోడుగా పులుపున్న ఫ్రన్‌కూషను విడిగా పులియబెట్టి ఉంచుకోవడం ఒక ఉపాయం. ఇది కొత్తదేం కాదు, పాత నాలుగు రకాల మిశ్రమానికి మరో రూపం. వేడి పెరిగే కొద్దీ దాని అవసరమూ పెరుగుతుంది.